ఇంటిలోని మొక్క: దాని జమాఖర్చులు
(గ్రంథాలయ రజతోత్సవ సభ యందలి ఉపన్యాస పాఠము)



గ్రంథాలయ రజతోత్సవమున గ్రంథములను గూర్చి మాటలాడుట ఆచారము. వాని మహిమను చెప్పదగిన విద్వాంసులకు ఈ ప్రాంతమున కొదువ లేదు. గద్వాలకు విద్వద్గద్వాల యని పేరు వచ్చుట ఊరక కాదు. కావున ఈ ఉపన్యాసమునకు చిన్న విషయ మొకటి ఎన్నుకొనబడినది. అది ఇంటిలోను, పనిచేయు తావునను కుండీలలో పెంచుకొను మొక్కలను గూర్చినది.

గ్రంథాలయమున మొక్కల ముచ్చట యేల యని కొందరికి తోచవచ్చును. పుస్తకమునకును ఇంటి మొక్కకును ఒక పోలిక కలదు. రెండును వెల యిచ్చి తెచ్చిననాడు మనవి కావు. పుస్తకము చదివిననాడు మనదగును. మొక్క మన ఇంట మొదటి క్రొత్త ఆకు విప్పిననాడు మనదగును. అంతవరకు రెండును అలంకారములే.

కొత్తకోటలో నేడు మొక్క కనబడని తావు అరుదు. దుకాణపు గల్లా మీద సీసాలో మనీప్లాంటు, దవాఖానా వసారాలో పామువలె చారలు గల నిలువు ఆకుల మొక్క, క్రొత్తగా కట్టిన స్లాబు ఇంటి ముందరి గదిలో వెడల్పు ఆకుల మొక్క. చూడ ముచ్చటగనే యున్నది. అయితే తెచ్చినవానిలో ఎన్ని ఏడాది తిరుగువరకు నిలుచుచున్నవో ఎవరికి వారు లెక్క చూచుకొనవలెను. నాలుగు మాసములకు ఆకు పండును, కాడ మెత్తబడును, కుండీ మేడపైకి చేరును. మరల పండుగకు క్రొత్త మొక్క వచ్చును. మొక్కపై ప్రీతి లేక ఇట్లు జరుగుట లేదు. దాని జమ యేది, ఖర్చు యేది యను పద్దు తెలియక జరుగుచున్నది. ఆ పద్దును విప్పి చూచుటయే ఈ ఉపన్యాస ప్రయోజనము.

ఇంట మొక్కను పెంచుట పట్టణములనుండి దిగిన వేడుక యని తలంచుట సరికాదు. మన వాకిళ్ళలో తులసికోట అనాదిగా నున్నది. తులసి ఎండను కోరు మొక్క. అందుచేతనే పెద్దలు దానిని గదిలో నుంచక, వెలుతురు పడు వాకిట కోట కట్టి నిలిపిరి. భక్తితోపాటు అందులో మొక్క స్వభావము తెలిసిన వివేకము కూడ నున్నది. పెండ్లిలో పాలికలయందు నవధాన్యములు మొలకెత్తింతురు. శ్రావణమాసమున తీజ్ పండుగకు పాలమూరు తండాలలోని పెండ్లికాని పడుచులు వెదురుబుట్టలలో మన్ను పోసి, గోధుమలు చల్లి, తొమ్మిది దినములు నీరు చిలుకరించి, పాటలు పాడుచు పెంచి, తుదిదినమున కన్నీటితో నీట కలుపుదురు. తొమ్మిది దినముల పెంపకమునకే అంత మమకారము పుట్టుచున్నది. ఆ బుట్టలో మరియొక మర్మమును కలదు. బుట్ట నీటిని నిలువ నుంచుకొనదు. ఎక్కువైనది సందులనుండి జారిపోవును. ఆ మాట ముందు మరల వచ్చును.

ద్వారమునకు దృష్టి తగులకుండుటకై కలబందను వేళ్ళతోసహా తలక్రిందులుగా వ్రేలాడగట్టు వాడుక మన ఊళ్ళలో నేటికిని ఉన్నది. మన్ను లేదు, నీరు లేదు. అయినను అది మాసముల కొలది ప్రాణముతో నుండును, ఒక్కొకప్పుడు కొనలు పైకి వంపు తిరుగును. దీనిని చూచి దృష్టి లాగుకొనుచున్నదని కొందరందురు. అసలు కారణము ఇంతకంటె వింతైనది. సామాన్యమైన మొక్క పగటివేళ ఆకులలోని సన్నని రంధ్రములను తెరచి గాలిలోని బొగ్గుపులుసు వాయువును తీసికొనును. అవి తెరచియున్నంతసేపు లోనితడి ఆవిరియై పోవుచుండును. కలబంద ఆ రంధ్రములను ముఖ్యముగా చల్లని రాత్రివేళ తెరచి, కావలసిన వాయువును పులుసురూపమున దాచుకొని, పగలు తలుపులు మూసికొని ఆ నిలువతో పని జరుపుకొనును. ఆకులోని జిగురే దాని నీటి తొట్టి. కరవుసీమ సంసారి యెట్లు బ్రతుకునో అది యట్లు బ్రతుకును.

మన కావ్యములందును మొక్క ఇంటిమనిషియే. కాళిదాసుని శాకుంతలమున నాల్గవ యంకములో శకుంతల అత్తవారింటికి బయలుదేరినపుడు, కణ్వమహర్షి తపోవనపు చెట్లనే పిలిచి సెలవడుగును. ఆ చెట్లకు నీరు పోయనిది తాను నీరు ముట్టని పిల్ల యని అపుడు ఆమెను గూర్చి చెప్పును. నంది తిమ్మన పారిజాతాపహరణమున సత్యభామ కోరినదియు చెట్టే. అది సవతిమీది పంతమునకై స్వర్గమునుండి దిగిన చెట్టు. మొక్క మన ఇంటికి వచ్చుటకు నేటికిని ఈ రెండు దారులే యున్నవి. పొరుగింట నున్నది గనుక మన ఇంటను ఉండవలెనను పంతము ఒకటి, నీరు పోయవలెనను ప్రీతి మరియొకటి. పంతమున వచ్చిన మొక్క పంతము తీరగానే ఎండుటకు మొదలిడును.

చెట్ల పోషణకు మనవారు శాస్త్రమే వ్రాసిరి. ఆరవ శతాబ్దపు వరాహమిహిరుడు బృహత్సంహితలో ఒక యధ్యాయమును వృక్షాయుర్వేదమునకు కేటాయించెను. అటుపిమ్మట సురపాలుడు ఆ పేరుతోనే ప్రత్యేక గ్రంథము రచించి, చెట్ల జబ్బులనుకూడ వాత పిత్త శ్లేష్మముల లెక్కన విభజించి చికిత్సలు చెప్పెను. ఆ గ్రంథపు వ్రాతప్రతి ఇంగ్లండులోని ఆక్స్‌ఫర్డు బోడ్లియన్ గ్రంథాలయమున భద్రముగా నుండగా, దానిని నళినీ సాధలే ఆంగ్లమునకు అనువదింప, సికింద్రాబాదునందలి ఏషియన్ అగ్రి హిస్టరీ ఫౌండేషను 1996లో ప్రకటించెను. ఎక్కడనో ఒక గ్రంథాలయపు బీరువాలో నిలిచిన పుస్తకము ఇట్లు మరల మన వాకిటికి వచ్చినది. గ్రంథాలయము చేయు మేలు ఎంత దూరమునకు, ఎంత కాలమునకు పారునో దీనివలన తెలియును.

ఇక నేడు మన గదులలో నున్న మొక్కల పుట్టిల్లు ఏది? మనీప్లాంటు పసిఫిక్ మహాసముద్రమునందలి సొసైటీ దీవులలోని మొరేయా దీవికి చెందినది. అక్కడ అది పెద్ద చెట్లకు ఎగబ్రాకు తీగ. చారల నిలువు ఆకుల మొక్కను వాడుకలో స్నేక్‌ప్లాంటు అందురు. అది పడమటి ఆఫ్రికాది. దాని జ్ఞాతి మన తెలుగునేలమీదనే చాగ యను పేర నున్నది. సంస్కృతమున మూర్వ యన్నది ఈ చాగయేనని పెక్కురు గుర్తించిరి. దాని నారతో పూర్వము వింటినారి పేనెడివారు. వింటినారికి మౌర్వి యను పేరు అందుండియే వచ్చినది. దవాఖానా వసారాలో ఊరక నిలుచున్న మొక్క బంధువు ఒకనాడు వీరుల విండ్లకు ఎక్కినదని తెలిసినపుడు దానిని చూచు చూపే మారును.

దూరదేశపు మొక్కలు సముద్రము దాటి బ్రతికి వచ్చుటకు ఒక గాజుపెట్టె కారణము. 1829లో లండను వైద్యుడు నథానియేల్ వార్డు మూతగల సీసాలో ఒక రెక్కలపురుగు గూటిని తడిమన్నుతో నుంచెను. ఆ మన్నునుండి తలవని తలంపుగా ఒక ఫెర్ను మొక్క మొలచెను. ఊరి పొగకు బయట చచ్చుచున్న జాతి మొక్క మూసిన సీసాలో హాయిగా పెరుగుట చూచి ఆయన గాజుపెట్టెలు చేయించెను. 1833లో అట్టి పెట్టెలలో మొక్కలు ఓడపై ఆస్ట్రేలియాకు ప్రాణముతో చేరినవి. నేడు మనకు అంత శ్రమ లేదు. గోదావరి కాలువల క్రింది కడియము, కడియపులంక నర్సరీలనుండి లారీలకు లారీలు మొక్కలు హైదరాబాదునకును, అటనుండి 44వ జాతీయ రహదారి వెంట ఈ ప్రక్కకును దిగుచున్నవి. అయితే గోదావరి తడిగాలిలో, నీడవల క్రింద పెరిగిన మొక్క మన పాలమూరి పొడిగాలికి ఒక్కమారుగా రాగానే ఆకులు రాల్చును. అది చచ్చుట కాదు, క్రొత్త కాపురపు దిగులు. తెచ్చిన వెంటనే కుండీ మార్చక, ఎరువు వేయక, పదునైదు దినములు నీడగల వెలుతురున ఊరక విడువవలెను.

ఇపుడు పద్దులోని జమ. మొక్కవలన వచ్చు లాభములని లోకము వ్రాసికొనునవి కొన్ని దొంగజమలు. వానిని ముందుగా కొట్టివేయవలెను.

మొదటిది, మనీప్లాంటువలన ధనము వచ్చునని, అందులోను దొంగిలించి తెచ్చినదైన ఇంకను కలిసివచ్చునని చెప్పుమాట. దీనివలన లాభము కలిగినది దొంగకు మాత్రమే. ఒక కణుపు ముక్క అడిగిన ఇయ్యనివారు మన ఊరిలో లేరు. అడిగి తెచ్చిన తీగయు అంతే చక్కగా ప్రాకును.

రెండవది, గదిలో నాలుగు కుండీలున్న గాలి శుద్ధియగునను మాట. ఇది చదువుకొన్నవారు చెప్పు మాట. నర్సరీలవారు బోర్డులపై వ్రాయించు మాట. దీనికి మూలము 1989లో అమెరికా అంతరిక్ష సంస్థయగు నాసా ప్రకటించిన పరిశోధన. వారు మూసివేసిన చిన్న పెట్టెలలో మొక్క నుంచి, విషవాయువు వదలి, అది తగ్గుట కనుగొనిరి. ఆ పరిశోధన సత్యమే. కాని మన ఇల్లు మూసివేసిన పెట్టె కాదు. 2019లో అమెరికాలోని డ్రెక్సెల్ విశ్వవిద్యాలయమువారు అట్టి 12 పరిశోధనలలోని 196 ప్రయోగ ఫలితములను లెక్కగట్టి చూచిరి. భవనములలో గాలి మామూలుగా వచ్చిపోవుటవలన జరుగు శుద్ధితో సమానమగుటకు గదిలో ఒక్క చదరపు మీటరు నేలకు 10 మొదలు 1000 వరకు మొక్కలు కావలెనని వారి లెక్క తేల్చినది. అనగా గదిలో మనుష్యుడు నిలుచుటకే చోటుండదు. గాలికొరకైతే కిటికీ తెరచుట చాలును. అందుకు ఖర్చును లేదు.

మూడవది లాభము కాదు, భయము. రాత్రి మొక్క విషవాయువును వదలును గనుక పడకగదిలో నుంచరాదందురు. 1771లో ఇంగ్లండున జోసెఫ్ ప్రీస్ట్లీ యనునాయన మూసిన గాజుపాత్రలో క్రొవ్వొత్తి ఆర్పివేసిన గాలిని పుదీనా కొమ్మ మరల బాగుచేయునని కనుగొనెను. 1779లో ఇంగెన్‌హౌస్ అను వైద్యుడు ఆ పని ఎండలోనే జరుగునని, చీకటిలో మొక్కయు మనవలెనే ఊపిరి విడుచునని తేల్చెను. అది నిజమే. అయితే కుండీలోని మొక్క రాత్రియంతయు విడుచునది ప్రక్కన పరుండిన మనుష్యుడు విడుచుదానిలో అత్యల్ప భాగము. మొక్కకు భయపడువాడు ముందుగా తోటి నిద్రించువానికి భయపడవలసియుండును!

దొంగజమలు పోగా నిలుచునది యేమి? నిలుచునది చిన్నది కాదు. 1984లో రోజర్ ఉల్రిచ్ అను పండితుడు అమెరికాలోని పెన్సిల్వేనియా రాష్ట్రపు దవాఖానాలో పిత్తాశయమునకు శస్త్రచికిత్స పొందిన 46 మంది లెక్కలు చూచెను. వారిలో 23 మంది కిటికీనుండి చెట్లు కనబడినవి. 23 మందికి ఇటుకగోడ కనబడినది. చెట్లు చూచినవారు సగటున 7.96 దినములకు, గోడ చూచినవారు 8.70 దినములకు ఇంటికి పోయిరి. చెట్లు చూచినవారు గట్టి నొప్పిమందులును తక్కువగా అడిగిరి. లెక్క చిన్నది, కాని పచ్చదనము మంచమున నున్నవానికి కొంత ఊరట యని అనుటకు ఆధారము కలదు.

ఇంతకంటె మనకు దగ్గరి ముచ్చట మరియొకటి. కనెక్టికట్ అను అమెరికా రాష్ట్రమునందలి ఒక వృద్ధుల శాలలో ఎలెన్ లాంగర్, జూడిత్ రోడిన్ అను ఇద్దరు విదుషీమణులు చేసిన పరిశోధన 1976లో వెలువడినది. ఒక అంతస్తులోని వృద్ధులకు, మీ పనులు మీరే నిర్ణయించుకొనుడని చెప్పి, కోరినవారికి ఒక మొక్కను ఎన్నుకొననిచ్చి, దానిని మీరే చూచుకొనవలెననిరి. వేరొక అంతస్తువారికిని మొక్క లిచ్చిరి. కాని వానికి దాదులే నీరు పోయుదురని చెప్పిరి. మూడు వారములు గడచునప్పటికి మొదటివారిలో నూటికి 93 మంది తెప్పరిల్లిరి. రెండవవారిలో నూటికి 71 మంది ఇంకను క్రుంగిరి. ఇది యంతయు మొక్క మహిమయే యనరాదు. వారికిచ్చిన స్వేచ్ఛలో మొక్క ఒక భాగము మాత్రమే, పరిశోధన చిన్నది. ఒక్క సంగతి మాత్రము మరువరానిది. రెండు అంతస్తులవారి ఎదుటను మొక్క లున్నవి. భేదము మొక్కలో లేదు. నీరు పోయు చేతిలో నున్నది.

ఈ మాట పాలమూరి బిడ్డలకు విడమరచి చెప్పనక్కరలేదు. కొడుకులు కోడండ్రు హైదరాబాదునకో, ముంబాయికో, మరి దూరమునకో బ్రతుకుదెరువునకై పోగా, అరుగుపై ముసలితల్లి యొక్కతె కూర్చుండు ఇండ్లు మన పల్లెలలో ఎన్ని లేవు? ఆమెకు కావలసిన బువ్వకు కొడుకు డబ్బు పంపుచున్నాడు. పొరుగువారు పలుకరించుచున్నారు. అందరును ఆమెను చూచుకొనువారే. ఆమె చూచుకొనవలసినది మాత్రము ఏదియు మిగులలేదు. నిన్నటిదాక నలుగురికి వండిపెట్టిన చేతులు అవి. సెలవులకు వచ్చిన బిడ్డ నగరమునుండి మిఠాయి డబ్బాతోపాటు ఒక తమలపాకు తీగయో, ఒక మనీప్లాంటు కొమ్మయో తెచ్చి, అమ్మా, ఇది నీ చేతిదని అప్పగించిన, ఉదయమున లేవగానే చూడవలసిన దొకటి ఆ ఇంట నుండును. ఫోనులో చెప్పుకొనుటకు, క్రొత్త ఆకు వేసినదను శుభవార్త యొకటి యుండును. మొక్క బిడ్డకు బదులు కానేరదు. అయినను పనిలేని చేతికి పని, మాటలేని పూటకు మాట. జమలో నిక్కముగా వ్రాసికొనదగినది ఇదియే.

ఇక ఖర్చు. ఇంటిలోని మొక్కకు ప్రధానముగా కావలసినవి వెలుతురు, నీరు, మన్ను.

వెలుతురు విషయమున మన కన్ను మనలను మోసగించును. మిట్టమధ్యాహ్నపు ఎండ దాదాపు లక్ష లక్సులుండగా, కిటికీకి దూరముగా గదిలోపల అది కొన్ని వందలకే దిగిపోవును. కన్ను సర్దుకొనును గనుక మనకు ఆ భేదము తోచదు. మొక్కకు అది నిండు విస్తరికిని, నాలుగు మెతుకులకును గల భేదము. పూర్వపు మిద్దె ఇండ్లలో గవాచి క్రిందనైన కొంత వెలుతురు పడెడిది. ఒక సులభమైన పరీక్ష కలదు. మొక్క నుంచదలచిన తావున మధ్యాహ్నమున తెల్లని కాగితముంచి, దానిపై జానెడెత్తున చేయి చాపవలెను. నీడ అంచులతో స్పష్టముగా పడిన చాల మొక్కలకు చాలును. మసకగా పడిన మనీప్లాంటు, స్నేక్‌ప్లాంటు వంటివి ఓర్చుకొనును. నీడయే తెలియనిచో అచట కాగితపు పూలే తగును. మొక్క వెలుతురు వైపునకు వంగును గనుక వారమున కొకమారు కుండీని పావు చుట్టు త్రిప్పవలెను. ఆకుపై దుమ్ము పేరుకొన్న వెలుతురు లోనికి పోదు; తడిగుడ్డతో తుడువవలెను.

నీటి విషయమున జనులు చేయు తప్పు లోభము కాదు, అతిప్రేమ. ఇంటి మొక్కలు దప్పికతో చచ్చుటకంటె మునిగి చచ్చుట మెండు. వేళ్ళకును గాలి కావలెను. మట్టిసందులన్నియు నీటితో నిండి, అది కదలక నిలిచిన, వేళ్ళు ఊపిరాడక క్రుళ్ళును. అపుడు ఆకు వాడును. ఆకు వాడినదని మరింత నీరు పోయుదురు. మదనాపురము దగ్గరి సరళాసాగరమును చూడనివారు ఇచట అరుదు. 1949లో మొదలిడి 1959లో తెరచిన ఆ ప్రాజెక్టునకు, నీరు నిండుమట్టమునకు రాగానే మనుష్యుని చేయి తగులకయే తమంత తాము పనిచేయు సైఫనులు అమర్చిరి. ఎక్కువ నీటికి దారి యుండవలెనని కట్టినవారు అంతగా తలపోసిరి. అట్టిదానికిని 2019 డిసెంబరు 31వ తేదీన కట్ట తెగినది. నీరు కూడబెట్టుటయే కాక, దానిని బయటికి పంపుటయు పనియే. చెరువునకు అలుగు ఎట్టిదో కుండీకి అడుగు రంధ్రము అట్టిది. అలుగు లేని చెరువును ఏ పెద్దమనిషియు కట్టడు. రంధ్రము లేని పింగాణీ కుండీని మాత్రము అందముగ నున్నదని కొని తెచ్చును. తీజ్ పడుచుల వెదురుబుట్ట ఈ పాఠమును మనకంటె ముందే నేర్చినది.

కావున నీరు పోయుటకు దినములు లెక్కింపరాదు. వ్రేలిని రెండు కణుపుల లోతు మన్నులో గ్రుచ్చి చూచి, పొడిగా నున్నపుడే అడుగునుండి కారువరకు పోయవలెను. అదే మొక్కకు మే మాసపు వడగాడ్పులలో రెండు దినములకే నీరు కావలసివచ్చును. వానకాలమున పది దినములకును అక్కరలేకపోవచ్చును. బోరునీటి ఉప్పులు మన్నుపై తెల్లగా పేరుకొని ఆకుకొనలను మాడ్చును. వానలు కురిసినపుడు కుండీలను ఒకపూట వెలుపల నుంచిన ఆ ఉప్పు కడుగుకొనిపోవును. పెండ్లికో యాత్రకో ఇల్లు తాళము వేసి పోవువారు నీళ్ళ చెంబును కుండీకంటె కొంచెము ఎత్తున నుంచి, లావుపాటి నూలువత్తి ఒక కొనను నీటిలోను, రెండవ కొనను మన్నులోను ఉంచిన, దీపపు వత్తి నూనెను పీల్చునట్లు అది నీటిని మెల్లగా అందించును.

మన్నునకు నల్లరేగడి తగదు. తడిసిన బిగిసి, ఎండిన పగుళ్ళు వారును. ఎర్రచల్క మన్ను, చివికిన పశువుల ఎరువు, ఇసుక సమపాళ్ళలో కలిపిన చాలును. ఆకు కాడల మొదట దూదివంటి పిండినల్లి కనబడిన, లీటరు నీటికి చిన్న చెంచాడు వేపనూనెను, కొద్దిపాటి సబ్బునీటిని కలిపి సాయంత్రమున చల్లవలెను.

రెండు హెచ్చరికలు చెప్పక తప్పదు. కుండీ క్రింది పళ్ళెములో నిలిచిన నీటిలోనే డెంగీ జ్వరమును మోయు దోమ గ్రుడ్లు పెట్టును. వారము పది దినములలో ఆ గ్రుడ్డు దోమయగును. అందుచేత వారమున కొకమారు పళ్ళెమును పారబోయుటయే కాక, రుద్ది కడుగవలెను. ఎండిన పళ్ళెపు అంచున గ్రుడ్లు మాసముల కొలది ప్రాణముతో నుండును. ఇక చామదుంప, కంద సరిగా ఉడుకనిచో గొంతు దురదపెట్టుట అందరికిని తెలిసినదే. దానికి కారణమైన సూదులవంటి సన్నని స్ఫటికములే మనీప్లాంటు ఆకులోను, మచ్చల ఆకుల డీఫెన్‌బాకియా కాడలోను ఉన్నవి. ఇవి యన్నియు ఒకే కుటుంబపు మొక్కలు. పసిబిడ్డ కొరికిన నోరు మండి నాలుక వాచును. ప్రాకు బిడ్డగల ఇంట వీనిని చేతికందని ఎత్తున నుంచవలెను.

ఇంటి మొక్కకు యజమాని యుండును. పనిచేయు తావున నున్న మొక్క కష్టము వేరు. మగ్గపు గుంతలో కూర్చుండి నూలు ఒడలికి పట్టు అంచు కలుపు నేతగాడు పోగులమీదినుండి చూపు ఎత్తినపుడు కిటికీలో ఒక పచ్చని ఆకు కనబడిన, అది ఆతనికి రెండు నిముషముల విశ్రాంతి. కుండీ పోగునకు తడి తగులనంత దూరమున, మగ్గపు వెలుతురునకు అడ్డము రాక యున్న చాలును. అచట మొక్క బ్రతుకును. ఏలయన ఆ తావు ఒక్కనిది. పదిమంది పనిచేయు కచేరిలో మాత్రము మొక్క రెండు విధముల చచ్చును. వేరొకరు పోయుదురులే యని ఎవరును నీరు పోయరు. లేక వచ్చినవారెల్ల తాగి మిగిలిన చెంబునీరు, చల్లారిన టీ అందులోనే పోయుదురు. దీనికి మందు ఎరువుల దుకాణమున దొరకదు. ప్రతి కుండీకి ఒక్కని పేరు వ్రాసి, తక్కినవారు దానిని ముట్టరాదను కట్టుబాటు చేసికొనుటయే మందు. సెలవు పెట్టిన దినమున ఆ మొక్కను ఎవరికి అప్పగించినదియు చెప్పిపోవలెను.

గ్రంథాలయమునకును ఈ న్యాయమే. అందరి సొత్తు అనునది ఎవరో యొకరు తన సొత్తుగా చూచుకొన్నపుడే అందరికిని దక్కును. ఇరువదియైదేండ్లు ఈ బీరువాలు చెదలు పట్టక నిలిచినవనిన, ఉదయమున తలుపు తీసినవా రొకరు, దుమ్ము దులిపినవా రొకరు, తిరిగిరాని పుస్తకమునకై ఇంటింటికి తిరిగినవా రొకరు ఉండిరని అర్థము. అట్టివారి పేర్లు శిలాఫలకములకు ఎక్కవు. నీరు పోసిన చేయి ఆకుపై కనబడదు గదా!

కావున ఈ రజతోత్సవ సందర్భమున ఒక చిన్న సూచన. గ్రంథాలయమున కుండీలు పుస్తకముల బీరువాల దాపున వలదు. తడి చెదలకును పురుగునకును పిలుపు. వెలుతురు వచ్చు వసారాలో ఇరువదియైదు కుండీలుంచి, ఒక్కొక్కటి ఒక్కొక్క చందాదారునకో, ఒక్కొక్క బడిపిల్లకో పేరు వ్రాసి అప్పగింపవలెను. పుస్తకములకు రిజిస్టరు ఉన్నట్లే మొక్కలకును ఒకటి యుండవలెను. మనీప్లాంటు తీగ పెరిగినపుడు కణుపుతో ముక్క త్రుంచి నీటి సీసాలో నుంచిన, కొన్ని వారములలో వేళ్ళు వేయును. ఆ ముక్కలను పుస్తకమువలెనే అడిగినవారికి ఎరువు ఇయ్యవచ్చును. తీసికొనినవారు తమ తీగ పెరిగిన పిమ్మట మరియొక ముక్కను తెచ్చి జమ చేయవలెను. దొంగిలించు పని యుండదు. ముఖ్యముగా, ఒంటరిగా నున్న పెద్దలు గల ఇండ్లకు మొదటి ముక్కలు పోవలెను. నెలకొకమారు ఆ మొక్క క్షేమమును అడుగుటకు పోయిన పిల్లవాడు, ఆ పెద్దల క్షేమమునుకూడ కనుగొని వచ్చును. చదువరాని తల్లికి ఒక కథ చదివి వినిపించియు రావచ్చును.

పుస్తకము ఎరువు ఇచ్చిన బీరువాలో దాని చోటు ఖాళీయగును. తీగను త్రుంచి ఇచ్చినచోట క్రొత్త చిగురు పుట్టును. ఇట్టి పద్దు వ్రాయుట ఏ లెక్కల వానికైనను సంతోషకరమే. ఈ గ్రంథాలయము స్వర్ణోత్సవము జరుపుకొనునాటికి, నేటి తీగ కణుపులు కొత్తకోటలో ఎన్ని కిటికీలకు ప్రాకినవో ఆనాటివారు రిజిస్టరు చూచి చెప్పగలుగుదురు గాక!